దాపటి చక్రం

మార్చి 8, 1998. మేడ్చల్

యాప్రాల్‌లో భజన ముగించుకొని వస్తుంటే జీపులో శబ్దం మొదలైంది. ముందు చక్రాల దగ్గర. గింజ లేకుండా ఇసుర్రాయి తిప్పితే రాయికి రాయి ఒరుసుకున్నట్టు. బ్రేకు తొక్కితే సన్నగ కీచుమంటది, వదిలితే మళ్లీ గర్రుమంటది.

వెనక బల్లల మీద మండలి వాళ్లంతా కునుకుతున్నరు. సాలమ్మకు మెలకువ వచ్చింది.

"ఏందయ్యా ఇస్తారీ, బండ్లె పిల్లి సొచ్చినట్టుంది."

"పిల్లి గాదవ్వా, నీ గొంతే. పాట ఆపినా అదింక ఆగలే" అన్నడు మృదంగం ఓదెలు.

అందరు నవ్విండ్రు. నేను కూడ నవ్విన. నా పక్క సీట్ల మా ఇంటామె దుర్గాబాయి మాత్రం నవ్వలేదు. తల కొద్దిగ వంచి కూచున్నది. ఇంటి ముందర దిగేటప్పుడు ఒక్కటే మాట అన్నది.

"దాపటి చక్రం అరుస్తాంది. చూడు."

మార్చి 9

షెడ్డుకు పోవచ్చు. మేడ్చల్‌లో చెయ్యి తిరిగిన మెకానిక్ ఎంకయ్య ఒక్కడే. కాని కిందటి గురువారం సత్సంగంలో ఆయన పేరు పెట్టి మాట్లాడిన. పగలు పానా పట్టే చెయ్యి పొద్దు గూకితే సీసా పడుతుందని, ఆ చేత్తో బిగించిన బోల్టు కూడ తూలుతదని అన్న. జనం నవ్విండ్రు. ఆయన భార్య ముందు వరుసలో ఉన్నది. నవ్వలేదు. లేచి కూడ పోలేదు, అట్లనే కూచున్నది. నిప్పును నిప్పనడం తప్పయితే నోరెందుకు ఇచ్చినట్టు? తప్పు కాదు. కాని షెడ్డుకు మాత్రం పోను.

జీపు మండలిది. ఇల్లిల్లు తిరిగి కూడబెట్టి కొని నా చేతుల పెట్టిండ్రు. దేవుని పనికి తిరిగే రథం. కుట్టు మిషన్‌ను పూస పూస విప్పి మళ్లీ పెట్టుకునే చెయ్యి నాది. చదువు ఎవరు నేర్పిండ్రు నాకు? ఎవ్వరు నేర్పలే. గ్రంథం ముందర పెట్టుకొని నేనే నేర్చుకున్న. జీపు ఎంత? అది కూడ ఒక మిషనే.

దుర్గాబాయి దాపట అన్నది. ఆమె పుట్టినూరు రావల్కోల్ మాట, ఎద్దుల మాట. నేను గుడ్డ పేలికల మధ్య పెరిగినోణ్ణి, ఎద్దులను కట్టలేదు. అయినా మాట పుట్టుక వెతికితే అర్థం దానంతటదే నడిచొస్తది. దక్షిణం. దక్షిణ హస్తం. దానం చేసే చెయ్యి. అన్నీ ద కారమే. దాపట అంటే కుడి. ఎవరు చెప్పకుండనే దొరికింది. ఎప్పుడన్న ఉపన్యాసంలో వాడుకోవాలె.

మార్చి 10

కుట్టు దుకాణం తెరవకముందే, వెనక సందులో, కుడి ముందు చక్రం విప్పిన. డ్రమ్ము రాలేదు. చుట్టూ సుత్తెతో మెల్లగ కొట్టుకుంట తిరిగితే వచ్చింది. లోపలంత నల్లటి దుమ్ము. బ్రేక్ షూలు అద్దం లెక్క నున్నగ అయినయి. సాండ్‌పేపర్ పట్టి గరుకు చేసిన, దుమ్ము దులిపిన. పైకి మెరిసే చక్రం లోపల ఇంత మసి. మనిషి కూడ అంతే. మంచి మాట దొరికింది.

సాయంత్రం రైల్వే గేటు దాకా తిప్పి తెచ్చిన. శబ్దం తగ్గింది.

మార్చి 11

తగ్గలేదు.

మార్చి 12, గురువారం

దొరికింది. పొద్దున్నే మళ్లీ విప్పిన. డ్రమ్ముకు, దాని వెనక రేకుకు నడుమ కంకర రాయి, చింతగింజంత. అదే ఇన్ని రోజులు ఏడిపించింది. చేతులు మసి ఉండంగనే రాయిని కండ్లకద్దుకున్న.

సత్సంగంలో దాన్ని అరచేతుల పెట్టి అందరికీ చూపించిన. "ఇంత రథాన్ని ఇంత రాయి ఏడిపించింది. నీ లోపల ఏ రాయి ఉన్నదో ఎన్నడన్న విప్పి చూసినవా? పక్కింటోని చక్రం చప్పుడు వినపడుతది నీకు. నీది వినపడదు." వజ్రమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. అట్ల మాట్లాడి చాలా రోజులయింది. లోపలి నుంచి వచ్చింది.

మార్చి 13

కూరగాయల కోసం దుర్గాబాయిని జీపులో తీసుకపోయిన. దిగినంక అన్నది:

"రాయి దొరికింది మంచిదే. చప్పుడు దొరికిందా?"

రాయి పోయినంక కొన్నాళ్లు చప్పుడు ఉంటది. గిరీసు సర్దుకోవాలె. అదే చెప్పిన.

మార్చి 16

శామీర్‌పేట నుంచి ప్రతాప్ పటేలు దుకాణానికి వచ్చిండు. తాతల భూమి ఉన్నోడు, ఇప్పుడు సగం ప్లాట్లు చేసి అమ్ముతున్నడు. రేపోమాపో ఎలక్షన్లలో నిలబడతడని మాట. తెల్ల బట్టలు, చేతిల బండి తాళం తిప్పుకుంట నిలబడ్డడు.

"పంతులూ, నవమికి మా దగ్గర సప్తాహం ముగింపు. చుట్టుపక్కల ఊర్లన్నీ వస్తయి. నువ్వే మాట్లాడాలె. కొంచెం గరంగరం మాట్లాడు. పోయినేడు ఒకాయన వచ్చి మొత్తం జనాన్ని నిద్ర పుచ్చిండు."

"మండలి మొత్తాన్ని తీసుకొస్త" అన్న.

"తోల్కరా. ఆడోళ్లు పాడితే జనం కదలరు. బండి పంపాల్నా?"

"మా రథం ఉన్నది."

ఇంత పెద్ద సభ నాకు ఎన్నడు రాలేదు. చెప్పే మాట అప్పుడే అనుకున్న. దేహమే రథం. చక్రాల మీదనే మొత్తం ఉపన్యాసం.

మార్చి 18

ఇయ్యాల పరీక్ష పెట్టిన. గండిమైసమ్మ దగ్గర దారులు కలిసే చోట ఖాళీ జాగ చూసి కుడికి గుండ్రంగ తిప్పిన. శబ్దం పెరిగింది. ఎడమకు తిప్పిన. దాదాపు పోయింది. మళ్లీ కుడికి. మళ్లీ పెరిగింది. వెనక కూచున్న ఓదెలు, సాలమ్మ ప్రతి మలుపుకు ఆ పక్కకొకసారి ఈ పక్కకొకసారి ఒరిగి పడ్డరు.

"అన్నా, గుడి చుట్టు ప్రదక్షిణం చేస్తున్నవా, మమ్ముల కక్కిస్తున్నవా" అన్నడు ఓదెలు.

కుడికి తిప్పితే అరుస్తాంది. అంటే తప్పు కుడి చక్రంలోనే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలె? దుర్గాబాయి చెవి కూడ అదే చెప్పింది, ఒప్పుకుంట. రోగం తెలిసింది. ఇగ మందే.

మార్చి 20

మండలికి కొత్త నియమం పెట్టిన. జీపు కదిలిన దగ్గర నుంచి దిగేదాకా అందరు నామం పాడాలె. దారి కూడ సేవ అయితది. యాప్రాల్ పోయి వచ్చినం, ఎక్కడ ఆగలేదు, గొంతులు ఎత్తి పాడినం. ఎంత ఆనందమో. ఏ శబ్దం వినపడలేదు.

దుర్గాబాయి పాడలేదు. గొంతు బాగలేదన్నది.

మార్చి 23

కుడి బ్రేకు బిగించిన. షూలు వదులై ఊగుతుంటే గర్రుమనదా? బాగ బిగించిన. ఇప్పుడు బ్రేకు తొక్కితే జీపు కొద్దిగ కుడికి లాగుతాంది. పరవాలేదు, స్టీరింగు గట్టిగ పట్టుకుంటే నిలుస్తది.

తిరిగొచ్చినంక కుడి డ్రమ్ము మీద చెయ్యి పెట్టిన. కాలింది. వేళ్లు నోట్ల పెట్టుకున్న. ఇగ అనుమానమే లేదు. ఆ చక్రంలోనే నిప్పు ఉన్నది. బేరింగు పోయినట్టుంది.

మార్చి 25

రాణిగంజ్ పోయి బేరింగు తెచ్చిన. దుకాణపాయన ఏ పక్కకు అని అడిగిండు. కుడికి అన్న. రెండు పక్కలకు ఒక్కటేనట. "రెండు మార్చుకోండి, ఒకటి పోతే రెండోది కూడ దగ్గర్లనే ఉంటది" అన్నడు. వాళ్లు అమ్ముకునేటోళ్లు, అట్లనే అంటరు.

మార్చి 26, గురువారం

దుకాణం మూసి పొద్దటి నుంచి అదే పని. పాత బేరింగు తీసిన. గిరీసు తుడిచి చూస్తే గోళీలు నున్నగ మెరుస్తున్నయి, గీత కూడ లేదు. పైకి కనపడని దోషం ఉంటది. మనిషిలో ఉండదా? కొత్తది కొట్టి కూచోబెట్టిన, గిరీసు దట్టించిన, నట్టు బిగించి పిన్ను వంచిన. చక్రం తిప్పితే పట్టు మీద తిరిగినట్టు తిరిగింది.

చేతులకు మసి ఉండంగనే సత్సంగానికి పోయిన. కడుక్కోలేదు. చూడనీ అనుకున్న.

శబ్దం తగ్గింది.

మార్చి 27

దుర్గాబాయితో గొడవ.

దుండిగల్ దాకా పోయి వస్తున్నం, ఇద్దరమే. పాటలు లేవు. ఊరు దగ్గరికొచ్చినంక అడిగింది.

"దాపటిది ఇప్పి చూసినవా?"

"చూసుడేంది, కొత్త బేరింగే ఏసిన."

"దాపటిదానికేనా?"

"దాపటిదానికే. ఎన్నిసార్లు చెప్పాలె?"

"మరి ఇంక అరుస్తాందేంది?"

"నీకు అలవాటైంది. ఆగిపోయిన చప్పుడు కూడ చెవులల్ల కొన్నాళ్లు మోగుతది."

"నా చెవులు మంచిగనే ఉన్నయి. మా నాయిన బండి మీద పెరిగిన. ఇరుసు ఎండితే నిద్రల నుంచి లేచి చెప్తుంటి. కాలి కిందనే గులగుల పెడ్తాంది నాకు."

"చెవిని నమ్మినోడు ఎవడు బాగుపడలే. మాయ ముందుగాల చెవిలనే చొరబడ్తది."

"నీ ఉపన్యాసాలు నేను ఇన్నది ఏ చెవితోని? గీ చెవితోనే గద."

ఇంటికొచ్చినంక గ్రంథం తెరిచి కూచున్న. అక్షరాల మీద కండ్లు తిరిగినయి గాని ఒక్క ముక్క ఎక్కలేదు.

మార్చి 28

ఉగాది. పచ్చట్ల చేదు ఎక్కువైంది. శబ్దం తగ్గింది.

మార్చి 30

తగ్గింది. బ్రేకు తొక్కినప్పుడు కీచు లేనే లేదు. గర్రు ఒక్కటే, అది కూడ రోడ్డు బాగలేని చోట. రోడ్డు శబ్దమే కావచ్చు.

ఏప్రిల్ 2, గురువారం

ఇంద్రియాల మీద మాట్లాడిన. "కన్ను మోసం చేస్తది, తాడును పాము అంటది. చెవి అంతకంటే పెద్ద దొంగ. లేనిది వినిపిస్తది. భయపడేటోని చెవికి ప్రతి చప్పుడు యముని దున్నపోతు గంటనే. విశ్వాసం ఉన్నోడు చెవులు మూసుకొని నడుస్తడు." చెయ్యెత్తి గర్జించిన. ఎవరికి చెప్తున్ననో నాకు తెలుసు. ఆమెకు కూడ తెలుసు.

నడుమనే లేచి పోయింది. ఇన్నేండ్లల్ల ఎన్నడు అట్ల లేవలేదు.

ఏప్రిల్ 4

రేపు నవమి. ఏర్పాటు ఇట్ల. నేను మగవాళ్లతో, హార్మోనియంతో పొద్దున్నే పోవాలె. నన్ను దించినంక ఓదెలు జీపు వెనకకు తెచ్చి ఆడవాళ్లను ఎక్కించుకొని రావాలె. వాళ్లు ఇంటి దగ్గర పానకం, వడపప్పు చేసుకొని తయారుగ ఉంటరు. ఓదెలు ట్రాక్టర్ తోలినోడే, చెయ్యి మంచిది.

దుర్గాబాయి బెల్లం దంచుకుంట తల ఎత్తకుండ అడిగింది.

"రేపు నేను ఎక్కాల్నా గా బండి?"

"అందరు ఎక్కుతున్నరు."

"అందరి సంగతే అడుగుతున్న. సాలమ్మ ముసలిది. వజ్రమ్మ మనవరాలిని ఎత్తుకొని వస్తానంటాంది."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది" అన్నది. రోట్ల బెల్లం పిండి అయినా దంచుతనే ఉన్నది.

ఏప్రిల్ 5

అందరు క్షేమం.

ఏప్రిల్ 6

ఓదెలు క్షేమం. దుకాణం తెరవలేదు.

ఏప్రిల్ 7

రాయాలె. రాయకుంటే ఇంకో పదిసార్లు అందరు క్షేమం అని రాసుకుంట.

పొద్దున్నే పోయినం. దారంత పాడినం. శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర పాట ఆపి ఊపిరి పీల్చుకున్నప్పుడు వినపడ్డది. గర్రు కాదు, లోపల ఏదో విరిగి దొర్లుతున్నట్టు టకటక. నాకు వినపడ్డది. ఇది రాసి పెడుతున్న. వినపడ్డది. వెంటనే ఇంకో పాట ఎత్తుకున్న.

పందిరి కింద జనం. ఇంత జనాన్ని నేను చూడలేదు. ఓదెలు జీపు తిప్పుకొని మేడ్చల్ దిక్కు పోయిండు. నేను వేదిక ఎక్కిన. మైకు పట్టుకున్నంక అన్నీ మరిచిపోయిన. మొదటి మాటకే జనం దగ్గరికి జరిగిండ్రు. దేహమే రథం అన్న. గుర్రాలన్న, పగ్గాలన్న. చప్పట్లు. అప్పుడు చక్రాలకొచ్చిన.

"రైతన్నలకు నేను చెప్పాల్నా? ఎద్దుల బండి తోలినోళ్లు మీరు. దాపటి చక్రం, ఎలపటి చక్రం. దాపట అంటే ఏంది? దక్షిణం. దక్షిణ హస్తం. కుడి చక్రం, ధర్మ చక్రం."

ముందు వరుసలో నవ్వు వినపడ్డది. మెచ్చుకునే నవ్వు అనుకొని మళ్లీ అన్న. "దాపట అంటే కుడి."

ముందట ఒక ముసలామె, బుచ్చమ్మ అంటరట, ఆకు నములుకుంట కూచున్నది. గట్టిగనే అన్నది.

"గట్లైతే మా ముసలోడు సచ్చేదాక ఎడ్లను ఉల్టా కట్టిండు పో."

పందిరంత నవ్వింది. పక్కన ఎవరో ఆమె మోచెయ్యి పట్టుకొని గుంజిండ్రు.

"ఉండుర్రే, తెల్వకుంటే చెప్పొద్దా? అయ్యా, దాపట అంటే ఎడమ. కుడిది ఎలపట. మా ఊర్ల పసిపోరన్ని అడిగినా చెప్తడు."

జనం ఇంక నవ్వుతున్నరు. నేను నోరు తెరిచిన. మైకులో నా ఊపిరి నాకే వినపడ్డది.

ఎడమ.

దుర్గాబాయి కూచునేది ఎడమ పక్క. కాలి కిందనే అన్నది. కుడికి తిప్పినప్పుడు వెనక వాళ్లందరు ఎడమకు ఒరిగి పడ్డరు. బరువంత ఎడమ చక్రం మీద పడితే అరిచింది ఏది? కుడి డ్రమ్ము కాలింది, నేను బిగించిన బ్రేకుకు కాలింది. ఎడమదాని మీద ఒక్కసారి కూడ చెయ్యి పెట్టలేదు. తీసి పారేసిన బేరింగు మంచిది. మంచిదని నా కండ్లతో చూసిన. చూసి, పైకి కనపడని దోషం అని రాసుకున్న.

ఓదెలు ఈపాటికి ఆడవాళ్లను ఎక్కించుకొని బయలుదేరి ఉంటడు.

మైకు కింద పెట్టి దిగిన. ప్రతాప్ పటేలు అడ్డం వచ్చిండు.

"ఏంది పంతులూ, గింత జనాన్ని పెట్టి? ముసల్ది ఏదో అన్నదని గింత రోషమా?"

"పటేలా, నీ బండి తియ్యి. మేడ్చల్ రోడ్డు పట్టు. మా ఆడోళ్లు వస్తున్నరు. చక్రం ఊడుతది."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆమె చెప్పింది. నెల రోజుల సంది చెప్తాంది."

ఏమనుకున్నడో, ఇంకో మాట అడగలేదు. మోటర్ సైకిల్ తీసిండు. వెనక కూచొని ఆయన తెల్ల అంగీ రెండు చేతులతో పట్టుకున్న. నామం జపిద్దామనుకున్న. నోటికి రాలేదు. ఎదురుంగ వచ్చే ప్రతి బండిని చూసుడే. లారీ. బస్సు. ఇంకో లారీ. జీపు వచ్చింది, మాది కాదు. ద్రాక్ష తోటల కాడ మలుపు తిరిగితే దూరంగ రోడ్డు పక్కన చీరలు కనపడ్డయి. నడుస్తున్నరు. ముందట దుర్గాబాయి, నెత్తి మీద పానకం బిందె. వెనక సాలమ్మ కట్టె పట్టుకొని. వజ్రమ్మ సంకల మనవరాలు.

జీపు లేదు.

దిగి ఉరికిన. దుర్గాబాయి బిందె దించలేదు. వెనక దిక్కు చెయ్యి చూపించింది.

"గా వాగు దాటుతుంటే చప్పుడు మారింది. ఆపమన్న. అందర్ని దించిన. ఓదెలును కూడ దిగమన్న. ఇనలేదు. అన్న కొత్తది ఏసిండు వదినా, నీకు ఉత్తగనే భయం, మీరు నడుస్తుండుర్రి, ఖాళీ బండి మెల్లగ తెస్త అన్నడు."

నా మాట నమ్మి కూచున్నడు ఓదెలు.

ఇంకొంచెం దూరంల జీపు మూతి రోడ్డు పక్క గుంతల పెట్టి ఉన్నది. ఎడమ ముందు చక్రం ద్రాక్ష తోట కంచెకు ఆని పడుకోని ఉన్నది. ఓదెలు గట్టు మీద కూచొని చెయ్యిని ఒళ్లె పెట్టుకున్నడు. ఎముక చర్మాన్ని పైకి నూకింది. నన్ను చూసి నవ్వుదామని చూసిండు.

"అన్నా, దాపటిది పోయింది."

చక్రం అన్నడో, చెయ్యి అన్నడో. అది కూడ ఎడమదే. మృదంగంల మంద్రపు మోత పలికించే చెయ్యి.

ప్రతాప్ పటేలు ఆయన్ను బండి మీద సికింద్రాబాద్ దవాఖానకు తీసుకపోయిండు. రెండు చోట్ల విరిగిందట. పట్టీ వేసిండ్రు. మళ్లీ ముందటి లెక్క వాయిస్తడా అంటే డాక్టర్ చూద్దాం అన్నడట.

అందరు క్షేమం అని రాసిన రోజు నాకు ఇదంత తెలుసు.

ఏప్రిల్ 8

దుర్గాబాయిని అడిగిన.

"నేను కుడిది విప్పుతున్నట్టు నీకు తెల్వదా?"

"దుకాణం ఎనకాల ఇప్పుతవు. నేను ఇంట్ల ఉంట. దాపటిది చూసినవా అంటే చూసిన అంటివి."

"ఒక్కసారి చెయ్యి పెట్టి చూపిస్తే అయిపోయేది."

ఆమె నా దిక్కు తిరిగింది.

"ఒక్కసారి ఏ చక్రం అని అడిగితే అయిపోయేది."

కోపంగ అనలేదు. కోపంగ అంటే జవాబు చెప్పుతుంటి.

ఏప్రిల్ 9, గురువారం

సత్సంగం. అందరు వచ్చిండ్రు. మృదంగం గుడ్డ కప్పి మూలకు ఉన్నది. ఏదో మాట్లాడుతనని ఎదురుచూసిండ్రు. నేను లేచిన. గర్వం మీద, వినయం మీద చెప్పొచ్చు, మాటలు నాలుక మీదనే ఉన్నయి, మంచి మాటలు, వజ్రమ్మ ఏడ్చే మాటలు. వాటిని చూసి భయమేసింది. ఓదెలు చెయ్యి మీద కూడ నేను చప్పట్లు కొట్టించుకోగలుగుత.

"చక్రం నేను తప్పు విప్పిన. ఆమె సరిగ్గనే చెప్పింది" అని కూచున్న.

తర్వాత సాలమ్మ తాళం లేకుండ పాట ఎత్తుకున్నది.

ఏప్రిల్ 11

ఎంకయ్య షెడ్డుకు పోయిన. జీపును ట్రాక్టర్‌కు కట్టి గుంజుకపోయినం. ఆయన ఒక ఆటో కింద పండుకొని ఉన్నడు. కాళ్లు మాత్రం కనపడుతున్నయి. నా గొంతు గుర్తుపట్టిండు, బయటికి రాలేదు.

"ఎవరు, ఇస్తారి పంతులా? తాగుబోతు చెయ్యి తగిల్తే రథం మైల పడదా?"

"పడదు."

"బోల్టు తూలుతది మరి."

"ఎంకన్నా, అందరి ముందు అనొద్దుండె. నీ పెండ్లాం అక్కడనే ఉండంగ అన్న."

కాళ్లు కదలలేదు. కింద నుంచి పానా చప్పుడు వచ్చింది, ఆగింది.

"ఆమె వారం రోజులు బువ్వ పెట్టలే నాకు. నువ్వు చెప్పింది అబద్ధమైతే మంచిగుండు" అన్నడు. కొంచెం ఆగి, "గా గోడ కాడ పెట్టి పో. బుధారం సాయంత్రం రా. తాగక ముందుగాల రా."

నవ్వాల్నో లేదో తెల్వలేదు. ఆయన కూడ నవ్వలేదు.

ఏప్రిల్ 15

జీపు వచ్చింది. రెండు పక్కల కొత్త బేరింగులు, ఎడమకు ఇరుసు కూడ కొత్తది. కుడి బ్రేకు వదులు చేసిండు. ఇప్పుడు ఏ పక్కకు లాగుతలేదు. మండలి పెద్దలకు తాళం చెవి వాపసు ఇయ్యబోతే తీసుకోలేదు. వజ్రమ్మ మాత్రం మనవరాలిని ఎక్కియ్యనన్నది. సరే అన్న.

ఏప్రిల్ 19

ఓదెలును చూసొద్దామని దుర్గాబాయి, నేను జీపులో బయలుదేరినం. పాట పాడలేదు. గ్రంథం డాష్‌బోర్డు మీద ఉన్నది, తెరవలేదు. ఇంజను మెత్తగ నడుస్తాంది. చక్రాల కాడ ఏం లేదు. ఒట్టి గాలి చప్పుడు. ఊరు దాటినం. ఇంక కొంచెం దూరం పోయినం. ఆమె తల కొద్దిగ వంచింది.

"ఆపు" అన్నది.

చెవులు పెట్టి విన్న. మళ్లీ విన్న. నాకు ఏం వినపడలేదు.

ఆపిన. ఇంజను బంద్ చేసి దిగిన. ఆమె ఏ పక్కకు నడిస్తే ఆ పక్కకు నడిచిన.